లమ్సేనా గడువు

రాజమహేంద్రవరం,
12 జూన్ 1936.

బాసగూడలో వర్తకులైన రాఘవులు గారికి,

అయ్యా,

నేను మీకు తెలియను. ఇరవై అయిదేళ్ళ కిందట ఈ ఊరి పాఠశాలలో మీ పక్కన కూర్చుని ఆఖరి పరీక్ష రాసిన విశ్వపతి మాస్టారి కొడుకును. పేరు నీలాద్రి. బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. కళాశాల వక్తృత్వ సంఘానికి కార్యదర్శిని.

వచ్చే ఏడు మీ పాఠశాలకు యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ సందర్భంగా వేసే సంచికలో పూర్వవిద్యార్థుల జీవితాలను కూర్చే పని నాకు అప్పగించారు. ఉత్సవ సంచికలు సాధారణంగా అబద్ధాల సంపుటాలు. చచ్చినవాడు దాత, బతికినవాడు దేశభక్తుడు. ఆ పద్ధతి నాకు సమ్మతం కాదు. మీ తరగతిలోని ఇరవైముగ్గురిలో నలుగురు గతించారు, పద్దెనిమిది మంది కోర్టుల చుట్టూ, కచేరీల చుట్టూ, నల్లబల్లల చుట్టూ తిరుగుతున్నారు. అడవిలోకి వెళ్ళి తిరిగి రానివారు మీరొక్కరే. మీరు బస్తరు రాజ్యానికి ఎందుకు వెళ్ళారు? ఏ వ్యాపారం చేశారు? దానిలో న్యాయమెంత, అన్యాయమెంత? మీ ఇంట ఎవరెవరున్నారు? మీ కింద ఎవరు పనిచేస్తున్నారు, ఏ కూలికి? నిర్మొహమాటంగా రాయండి. నేను నిర్మొహమాటంగా అచ్చువేస్తాను.

ఇంకొక విషయం దాచడం మర్యాద కాదు. పద్దెనిమిదేళ్ళ వయసులో మీరిద్దరూ గోదావరి గట్టున కూర్చుని, పుట్టబోయే పిల్లలను ఇచ్చిపుచ్చుకుందామని మాట అనుకున్నారట. మీకు అమ్మాయి ఉన్నదని చర్ల నుంచి వచ్చిన మనిషెవరో చెప్పింది మొదలు నాన్నగారు ఆ మాట ఎత్తని రోజు లేదు. పెద్దల వాగ్దానం పిల్లలను బంధించదనే వాదానికి నిరుడు నాకు పతకం ఇచ్చారు. కాబట్టి ఆ సంగతి ప్రస్తుతం పక్కన పెట్టి, సంచికకు కావలసినవి మాత్రం రాయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
నీలాద్రి.


బాసగూడ,
20 జూలై 1936.

చిరంజీవి నీలాద్రికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చర్ల తపాలాకచేరి నుంచి ఉప్పు కావడివాళ్ళతో వచ్చింది. తాలిపేరు పొంగి ఉండడం వల్ల వాళ్ళు ఆరు రోజులు అవతలి ఒడ్డునే ఉండిపోయారు. ఒక మూల తడిసింది కానీ అక్షరాలు పోలేదు. అక్షరాలు అచ్చం మీ నాన్నవే. వాడూ ఇలాగే రాసేవాడు, ప్రతి వాక్యం చివర బల్ల గుద్దినట్టు.

తెలుగులో పెద్ద ఉత్తరం రాసి పన్నెండేళ్ళయింది. ఇక్కడ సంతలో హల్బీ, కచేరీ మనిషితో హిందీ, ఇంట్లో దొర్లీ. తెలుగు సరిహద్దు మనుషులు వస్తేనే. తప్పులుంటే దిద్దుకో.

పరీక్ష ప్యాసైన ఏడే ఒక కలప గుత్తేదారు దగ్గర గుమాస్తాగా ఇక్కడికి వచ్చాను. టేకు దుంగలకు ముద్ర కొట్టి ఏట్లోకి దించడం పని. రెండేళ్ళకు గుత్తేదారు మూట కట్టుకుని పోయాడు. నేను ఉప్పు వర్తకానికి దిగాను. చర్ల నుంచి ఉప్పు తెచ్చి బాసగూడ, ఉసూరు సంతల్లో సారపప్పుకూ చింతపండుకూ మార్చడం. న్యాయమెంత అన్యాయమెంత అని అడిగావు. మొదట అంతా అన్యాయమే. సారపప్పును మానిక మీద గోపురం కట్టించి పుచ్చుకునేవాణ్ణి. ఉప్పును అంచుకు గీచి ఇచ్చేవాణ్ణి. వచ్చిన షావుకార్లందరి పద్ధతీ అదే. ఒక సంతరోజు ఒక పిల్ల నా మానిక పట్టుకుని నలుగురిలో అన్నది: "మా పప్పుకేమో కొప్పు బెట్టించుకుంటివి. నీ ఉప్పుకు గుండు గొరిగినవేంది?" సంతంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా ఉప్పుకూ కొప్పు వచ్చింది. ఆ పిల్లే మా ఇంటిది. పేరు సన్నే, దొర్ల వాళ్ళ ఆడపడుచు.

మాకు ఒక్కతే కూతురు. దేవే అంటారు. పద్దెనిమిది నిండాయి. నేను నేర్పిన అక్షరాలు ఆరునెలలు రాసి, పలక మీద గోంగూర ఎండబెట్టింది.

పొలం పనికి ప్రస్తుతం కూలివాళ్ళు లేరు. రెండేళ్ళ నుంచి ఒక లమ్సేనా ఉన్నాడు. పేరు ముయా, ఉసూరు అవతలి ఊరివాడు. కూలి ఇచ్చేది లేదు. తిండీ బట్టా మావి. మూడేళ్ళ గడువు. వచ్చే వానలకు పూర్తవుతుంది. ఎద్దు కంటే గట్టివాడు, మాట్లాడడంలో కూడా ఎద్దే.

మీ నాన్నతో ఆ మాట నిజమే. నేను మరచిపోలేదు. ఆ సంగతి వాడికే విడిగా రాయాలనుకుంటూ కలం రావడం లేదు. సన్నే వెనక నిలబడి అంటున్నది: "ఏంది, పొద్దటి సంది ఆ కాయితంతోటి కొట్లాడుతున్నవ్? అది నీకు ఎదురు జెప్తుందా?" ఇంతటితో ఆపుతాను.

ఆశీస్సులతో,
రాఘవులు.


రాజమహేంద్రవరం,
14 ఆగస్టు 1936.

రాఘవులు గారికి,

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆనందంతో, రెండవసారి అనుమానంతో, మూడవసారి ఎర్రసిరా కలంతో.

మీ వివాహాన్ని అభినందిస్తున్నాను. కులం మీద నేను మూడు సభల్లో మాట్లాడాను. నేను మాటల్లో చేసినది మీరు చేతల్లో చేశారు. ఉప్పు కొలత గురించిన మీ ఒప్పుకోలు ఈ సంచికకే అలంకారమవుతుంది. అయితే అదే కలంతో, అదే ప్రశాంతతతో, మీ ఇంట ఒక మనిషి కూలి లేకుండా రెండేళ్ళుగా పనిచేస్తున్నాడని కూడా రాశారు. ఉప్పు దగ్గర మేలుకున్న మీ అంతరాత్మ మనిషి దగ్గర ఎలా నిద్రపోయిందో నాకు అంతుబట్టడం లేదు.

లమ్సేనా అనే మాట ఇక్కడి నిఘంటువుల్లో లేదు. మా సంస్కృత ఉపన్యాసకుల వద్ద కూర్చుని విడదీశాను. 'లంబ' అంటే వేలాడునది, 'సేన' అంటే పరిచారకుల దండు. కాలికి గొలుసు లేకపోయినా గడువనే తాడుకు వేలాడే సేవకుడన్న మాట. పేరులోనే వాడి గతి ఉన్నది. వెట్టికి ప్రతి రాజ్యంలోనూ ఒక ముద్దుపేరు ఉంటుంది.

మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు కావాలి. అతడు కోరినప్పుడు మీ ఇల్లు విడిచి వెళ్ళవచ్చునా? గడువు తీరకముందే వెళితే అతడు చేసిన పనికి ఫలితమేమి? అతణ్ణి ఎవరైనా దండిస్తున్నారా?

జవాబు రాకపోతే అదే జవాబుగా భావిస్తాను.

నీలాద్రి.


బాసగూడ,
22 సెప్టెంబరు 1936.

చిరంజీవి నీలాద్రికి,

నీ కోపం నాకు అర్థమయింది. మొదట తికమకపడ్డాను. కూలి గురించి, సంస్కృతం గురించి ఎందుకు రాస్తున్నావా అని. తరువాత తోచింది. పడుచువాడివి, మనసులో ఉన్నది నేరుగా రాయలేక చుట్టూ తిరుగుతున్నావు. ముయా సంగతి విని నువ్వు నొచ్చుకోవడం న్యాయమే. మాట ఇచ్చినవాణ్ణి నేను. వాడు ఇంట్లో అడుగుపెట్టిన రోజే మీ నాన్నకు రాయవలసింది. రాయలేదు. సిగ్గేసింది.

నీ ప్రశ్నలకు జవాబులు. వాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవచ్చు, పట్టుకునేవాడు లేడు. కానీ పోడు. గడువు తీరకముందు ఇల్లు దాటితే చేసినదంతా ఏట్లో కలిసినట్టే. మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి, అదీ మేము ఒప్పుకుంటే. కొట్టడం అనేది లేదు. సన్నే మాత్రం తిడుతుంది. మొన్న ఎడ్లను చేలో మేపుకొచ్చినందుకు, "నీకు కండ్లు ఎటు బోయినయ్? ఎటు బోయినయో నాకెరికే" అని దులిపేసింది. వాడు తలవంచుకుని నవ్వుకున్నాడు. వాడికి తిట్లు కూడా తియ్యగానే ఉన్నట్టున్నాయి.

నన్ను నమ్ము, అది చులకన పని కాదు. నేను కూడా మా మామగారి దగ్గర నాలుగేళ్ళు లమ్సేనాగా ఉన్నాను. పరదేశివని ఒక ఏడు ఎక్కువ వేశారు. నాగలి పట్టడం తెలియక మొదటి వానల్లో ఎడ్లు నన్ను దున్నాయి. ఆ నాలుగేళ్ళ కాలమంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

ముయాకు ఇంకా తొమ్మిది నెలలు. వాడిని ఇప్పుడు కాదనడం నా చేతిలో లేదు. మీ నాన్నకు నువ్వే నెమ్మదిగా చెప్పు.

రాఘవులు.


రాజమహేంద్రవరం,
19 అక్టోబరు 1936.

రాఘవులు గారికి,

ఇంత నిస్సంకోచమైన ఒప్పుకోలును నేను చరిత్రపుస్తకాల్లో కూడా చదవలేదు. మీరు స్వయంగా నాలుగేళ్ళు బానిసగా ఉన్నారు. ఆ బానిసత్వం హాయిగా ఉన్నదంటున్నారు. ఇప్పుడు మరొకణ్ణి బానిసగా ఉంచుకున్నారు. వాడూ నవ్వుతున్నాడంటున్నారు. సంకెలను ప్రేమించడం నేర్పినదే అన్నిటికంటే పెద్ద సంకెల అని నేను ఎన్నోసార్లు వేదిక మీద అన్నాను. ఆ వాక్యం నా ఎదుట కాగితం మీద ఇలా ప్రాణంతో లేచి నిలబడుతుందని అనుకోలేదు.

నేను పడుచుదనపు అసూయతో రాస్తున్నానని మీరెందుకు భావించారో తెలియదు. ఒక ఉప్పు వర్తకుడి పాలేరును చూసి నాకు అసూయ దేనికి?

పోయిన శనివారం మా సభలో పేర్లు తీసేసి మీ ఉత్తరం చదివాను. రెండువందల మంది లేచి నిలబడ్డారు. మరుసటి రోజే ముయా విడుదల కోరుతూ మూడు పుటల ఆంగ్ల విజ్ఞాపన తయారుచేసి, మీ రెండు ఉత్తరాల నకళ్ళు జతచేసి, మీ రాజ్యపు అధికారులకు రిజిస్టరు తపాలాలో పంపాను. దాచి చేయడం నా స్వభావం కాదు కాబట్టి మీకు తెలియజేస్తున్నాను.

ఇక నాన్నగారి మాట సంగతి. మనిషిని కట్టివేసిన ఇంటితో వియ్యం పొసగదని ఆయనతో చెప్పాను. ఆయన 'రాఘవులు అలాంటివాడు కాదే' అని మాత్రం ఒకసారి గొణిగి వరండాలోకి వెళ్ళిపోయారు. ఆ వాగ్దానం రద్దయినట్టే భావించండి.

నీలాద్రి.


బాసగూడ,
9 డిసెంబరు 1936.

నీలాద్రికి,

నీ ఉత్తరమూ కచేరీ మనుషులూ ఒకే వారంలో వచ్చారు. ఉత్తరం వెనక వచ్చింది.

వరి కోస్తున్నాం. ఇద్దరు జవాన్లు, ఒక మున్షీ గట్టు మీద నిలబడి ముయాను పిలిచారు. "తనఖా మిల్తా హై?" అని అడిగాడు మున్షీ. జీతం దొరుకుతుందా అని. వాడు నై అన్నాడు. "కితనే సాల్ సే?" అని ఎన్నేళ్ళో అడిగితే మూడు వేళ్ళు ఎత్తాడు, గర్వంగానే ఎత్తాడు. మున్షీ రాసుకున్నాడు. నేను అడ్డం పడి చెప్పబోతే, నా ఉత్తరం నకలు నా మొహం ముందు పెట్టాడు. కూలి ఇచ్చేది లేదని నేను రాసినదే. కొడవలి అక్కడే పెట్టించి వాణ్ణి తీసుకుపోయారు. కచేరీలో వేలిముద్ర వేయించుకుని, 'నువ్వు ఆజాద్, ఇక ఆ ఇంటి గడప తొక్కావో షావుకారును లోపల వేస్తాం' అని చెప్పి వాళ్ళ ఊరికి పంపారు. నన్ను జైల్లో పెడతారనే భయంతో వాడు ఇటు రావడం లేదు. ఇప్పుడు ఉసూరు అవతల తల్లి దగ్గర ఉన్నాడు.

అయ్యా వక్తా, ఇప్పుడు విను. మా దిక్కు పిల్లను అడగడానికి ఉత్త చేతులతో పోకూడదు. పిల్ల ఇంట్లో మూడేళ్ళు పనిచేయాలి. వాడు ఎలా లేస్తాడు, ఎలా తింటాడు, ఎడ్లను ఎలా తోలుతాడు, కోపం వస్తే ఏం చేస్తాడు, అన్నీ పిల్ల చూస్తుంది, తల్లి చూస్తుంది, ఊరు చూస్తుంది. గడువు తీరిన రోజు పిల్లనిచ్చి పెళ్ళి చేస్తారు. అలా పనికి వచ్చినవాడిని లమ్సేనా అంటారు. ముయా చేస్తున్నది మా దేవే కోసం. నేను నాలుగేళ్ళు చేసింది సన్నే కోసం. నీకు తెలుసనుకున్నాను. తెలిసే మండిపడుతున్నావనుకున్నాను. నీకు మాట ఇచ్చిన పిల్లను ఇంకొకడు గెలుచుకుంటున్నాడని నీ ఉక్రోషమనుకున్నాను.

గడువుకు ఏడు నెలలు ఉండగా వాడు ఇల్లు దాటాడు. కట్టుబాటు ప్రకారం గడువు తెగింది. పటేలు ఎర్రయ్య నాకంటే ఎక్కువ బాధపడుతూనే ఆ మాట చెప్పాడు. మొదటి నుంచి మూడేళ్ళు అంటే ముయా తల్లి ఒప్పుకోదు. "ఇంగ మూడేండ్లు నా కొడుకును వాళ్ళ ఎడ్లకు ఇయ్య" అన్నదట. వేరే ఇంట పిల్లను వెతుకుతున్నది.

సన్నే నాతో మాట్లాడడం మానింది. దేవే మాత్రం ఒక్కసారి మాట్లాడింది: "నీ దోస్తు కొడుకు శాన సదివిండు గద? గీ ఒక్క మాటకు అర్థమేందని అడగనీకె నోరు రాలేదా?" జవాబు నీ దగ్గర ఉంటే పంపు.

రాఘవులు.


రాజమహేంద్రవరం,
6 జనవరి 1937.

బాబాయి గారికి,

మిమ్మల్ని ఏమని సంబోధించాలో తెలియక నాలుగు కాగితాలు చించాను. మహాశయా అంటే ఎత్తిపొడుపులా ఉన్నది. నాన్నగారి స్నేహితులు కాబట్టి ఇలా రాశాను. తప్పయితే క్షమించండి.

దేవే ప్రశ్నకు నా జవాబు ఇది. నోరు ఉన్నది, అడగాలని తోచలేదు. తెలియని మాటను విడదీస్తే అర్థం వస్తుందనుకున్నాను. మా సంస్కృత ఉపన్యాసకులకు మీ ఉత్తరం చూపితే ఆయన నాలుగు రోజులుగా నన్ను తప్పించుకు తిరుగుతున్నారు.

ఇంకా హీనమైన సంగతి ఒకటి ఉన్నది. మీరు కనిపెట్టలేదు, నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నా మొదటి ఉత్తరం సంచిక కోసమే రాయలేదు. నాన్నగారి మాటను తప్పించుకునేందుకు మీలో ఒక దోషం వెతకడానికి రాశాను. ఉప్పు కొలతలో దొరికిందనుకున్నాను. మీరే దిద్దుకున్నానని రాయడంతో అది చేజారింది. లమ్సేనా దొరకగానే పట్టుకున్నాను. దానికి వేరే అర్థం ఉండకూడదని నేను కోరుకున్నాను. ముయా విడుదల కోసం రెండువందల మంది నిలబడ్డారని రాశాను. నేను నిలబడినది ఎవరి విడుదల కోసమో ఇప్పుడు తెలుస్తున్నది.

నాన్నగారికి మీ ఉత్తరాలు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "వాడు నాగలి పట్టాడట్రా! నాలుగేళ్ళు!" అని చివరికి నవ్వారు. తరువాత లాంచీకి ఎప్పుడు బయలుదేరుతున్నావని అడిగారు. వెళతావా అని అడగలేదు.

వస్తున్నాను. విజ్ఞాపన ఉపసంహరిస్తూ ఒక పుట రాశాను. నేను ఇంతవరకు ఏ ప్రతిపాదననూ వెనక్కు తీసుకోలేదు. ఎలా రాయాలో తెలియక పసిపిల్లల దస్తూరీలో వచ్చింది. అది అధికారులకు స్వయంగా అందజేస్తాను. తరువాత పటేలు గారి ఎదుట వాదిస్తాను. బలవంతంగా తొలగింపబడినవాడు స్వయంగా వెళ్ళినవాడు కాడు. కాబట్టి గడువు తెగలేదనేది నా వాదం. ఒకవేళ వారు అంగీకరించకపోతే, ముయాకు మిగిలిన ఏడు నెలల పని అతని బదులు నేను చేస్తాను. చదువు ఒక ఏడు ఆగుతుంది. ఆగనీయండి.

నీలాద్రి.


బాసగూడ,
2 ఫిబ్రవరి 1937.

చిరంజీవి నీలాద్రికి ఆశీస్సులు.

ఈ ఉత్తరం నువ్వు లాంచీ ఎక్కేలోగా అందాలని కావడివాణ్ణి పరుగెత్తిస్తున్నాను. రా. కానీ మా పొలంలో నాగలి ముట్టుకోకు. కొడవలి ముట్టుకోకు. మా ఎద్దుకు గడ్డి కూడా వేయకు. పెళ్ళికాని మగవాడివి, మా ఇంట కూలి లేకుండా ఒక్క పూట పనిచేశావంటే ఊరంతా 'రెండో లమ్సేనా వచ్చిండు' అంటుంది. ఆ మాట ముయా చెవిన పడితే వాడు ఈ జన్మలో ఇటు రాడు. దేవేకు చెబితే, "ఆనికి మూడేండ్లు కాదు, ముప్పై ఏండ్లు ఏస్త" అన్నది. సన్నే రెండు నెలల తరువాత నవ్వింది. అందుకు మాత్రం నీకు ఋణపడ్డాను.

నీ వాదం ఎర్రయ్యకు చెప్పాను. "జవాన్లు తీస్కపోతేనేంది, పులి తీస్కపోతేనేంది? పోయినోడు పోయినట్టే" అన్నాడు. అంతకంటే గట్టిది ఏదైనా ఆలోచించుకుని రా. నాకేమీ తోచడం లేదు.

నీ మూడో పేరా గురించి ఏమీ రాయను. పద్దెనిమిదేళ్ళకు నేనూ మా పెద్దలు అనుకున్న ఒక పెళ్ళి మాట తప్పించుకోవడానికే ఈ అడవికి వచ్చాను. ఆ సంగతి ఎదురుగా చెబుతాను.

రాఘవులు.


బాసగూడ,
18 మార్చి 1937.

నాన్నగారి పాదాలకు నమస్కారాలు.

ఇక్కడికి చేరి పదకొండు రోజులయింది. మీ స్నేహితుడు మీరు చెప్పినట్టు పొడుగ్గా లేరు. నాగలి వంచిందట. మీ గురించి రోజూ ఏదో ఒకటి అడుగుతున్నారు. నేను చెప్పేలోపే తానే జవాబు చెప్పుకుంటున్నారు.

విజ్ఞాపన ఉపసంహరణ పూర్తయింది. మున్షీ నా పుట చదివి, మొదటి మూడు పుటలు పక్కన పెట్టి, రెండిటినీ రాసినవాడు ఒకడేనా అని అడిగాడు. ఒకడే అన్నాను.

నిన్న ఎర్రయ్య ఇంటి ముందు ఇప్పచెట్టు కింద పెద్దలు కూర్చున్నారు. ఉసూరు అవతలి నుంచి ముయా తల్లి గంగే వచ్చింది. ముయా రాలేదు. నేను లేచి ముప్పావు గంట మాట్లాడాను. బలప్రయోగం, సమ్మతి, ఉద్దేశం, అన్నీ. జీవితంలో అంత బాగా మాట్లాడలేదు. బాబాయి దొర్లీలో తర్జుమా చేయవలసి ఉంది. నేను కూర్చున్న తరువాత ఆయన లేచి ఒక్క వాక్యం చెప్పి కూర్చున్నారు. అందరూ పగలబడి నవ్వారు. ఏం చెప్పారని అడిగితే, "పాపం, ఈ పిల్లగానికి లమ్సేనా అంటే ఏందో తెల్వదట" అన్నానన్నారు.

నవ్వు ఆగాక గంగే లేచింది. ఆమె నన్ను చూపించి ఏదో గట్టిగా అడిగింది. నా కొడుకును పట్టించిన వీడెవడు, ఈ ఇంటికి ఏమవుతాడని. బాబాయి ఆ మాట తెలుగులో చెప్పి నా వైపు చూశారు. స్నేహితుడి కొడుకంటే పరాయివాడు. అల్లుడు కావలసినవాడంటే ముయాకు పోటీదారు. నేనే, వచ్చిన నాలుగు దొర్లీ ముక్కలూ మరచిపోయి, తెలుగులోనే అన్నాను: "ఆయన మా బాబాయి."

ఎర్రయ్యకు తెలుగు బాగానే వచ్చు. తల ఎత్తాడు. "ఏమన్నవ్? మల్లొక్కపాలి జెప్పు."

"బాబాయి. మా నాన్నగారికి తమ్ముడి లాంటివారు."

"అయితె దేవే నీకేమైతది?"

నాన్నగారూ, అప్పటివరకు నేను ఆ లెక్క చూసుకోలేదు. ఉత్తరంలో ఆ మాట తోచక రాశాను. నోటికి అలవాటై అక్కడా అదే అన్నాను. నలుగురి ఎదుట ఒకసారి అన్నాక అది మీ గోదావరి గట్టు మాటను పూర్తిగా చెరిపేస్తుందని ఆ క్షణాన తెలిసింది. దాన్ని తప్పించుకోవాలనే కదా మొదటి నుంచి నా తాపత్రయం. అయినా అందుకు నోరు తెరవడం కష్టమయింది. దేవే గోడ దగ్గర నిలబడి నన్నే చూస్తున్నది.

"చెల్లెలు" అన్నాను.

ఎర్రయ్య చేతులు తట్టాడు. "గది గంటసేపటి సంది చెప్పకపాయె! లమ్సేనాను జవాన్లు తీస్కపోలేదు. పిల్ల అన్న తీస్కపోయిండు. పిల్ల ఇంటోళ్ళే ఎళ్ళగొడితె తప్పు పిల్ల ఇంటోళ్ళది. గడువు తెగదు. పోయిన రోజులు గూడ ఆని లెక్క కిందికే వస్తయ్." పెద్దలందరూ తలలూపారు. వెళ్ళగొట్టిన అన్నే వెళ్ళి తోడుకుని రావాలని, ఒక కోడిపుంజు ఇచ్చుకోవాలని తీర్మానించారు. గంగే కూడా ఒప్పుకుంది. నన్ను దగ్గరకు పిలిచి, నా అరచేతులు తిప్పి చూసి, "ఎన్నడన్న పని జేసినవా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

ఈ రోజు తెల్లవారుతూనే ఉసూరు అవతలికి నడిచాను. ముయా చింతచెట్టెక్కి పండు దులుపుతున్నాడు. వాడికి నాలుగు ముక్కల తెలుగు వచ్చు. సంగతి తల్లి అప్పటికే చెప్పింది. చెట్టు దిగి, కాళ్ళు కడుక్కుని, నాతో బయలుదేరాడు. రెండు కోసులు నడిచాం. క్షమాపణ చెప్పుకుందామని నేను కట్టుకున్న వాక్యాలన్నీ వాడి నడక వేగానికే చెదిరిపోయాయి. చివరికి వాడే అడిగాడు.

"మీ దిక్కు ఎన్నేండ్లు జేస్తరు?"

"ఏమీ చేయం. పెద్దలు మాట అనుకుంటారు. ఇచ్చి పెళ్ళి చేస్తారు."

వాడు ఆగిపోయాడు. "ఊకెనె?"

"ఊరికే."

"మరి నువ్వు మంచోనివో కాదో పిల్లకు ఎట్ల తెలుస్తది?"

ఇరవై రెండు సభల్లో మాట్లాడిన మీ కొడుకు సంచీని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. వాడు జాలిగా చూసి, నా భుజం మీది సంచీ తీసి తన భుజాన వేసుకున్నాడు.

వచ్చేసరికి సన్నే పిన్ని జావ కాచి ఉంచింది. దేవే ముయా వైపు చూడనే లేదు. నా ముందు ముంత పెట్టి, "అన్నా, ఇంకోపాలి ఏదన్న మాట తెల్వకుంటె అడుగు. మేము కొట్టం" అన్నది. ముయా తాగి, ఎవరితోనూ ఏమీ అనకుండా దొడ్లోకి వెళ్ళాడు. నాలుగు నెలలుగా గోడకు ఆనించి ఉన్న కాడిమానును చేత్తో తడిమాడు. ఒక పక్కన చెద పట్టింది. దులిపి, ఎండలోకి లాగబోయి, నన్ను కేకేశాడు.

"బావా, గా కొస పట్టుకో."

ముట్టుకోవచ్చునా అని బాబాయి మొహంలోకి చూశాను. ఆయన తలూపారు. అన్నకు నిషేధం లేదట.

పట్టుకున్నాను. చాలా బరువుగా ఉంది, నాన్నగారూ.

మీ కుమారుడు,
నీలాద్రి.